స్పోర్ట్స్ డే అప్రైజల్ టేబుల్: వాలంటీర్లు ఇక్కడ రాయండి

అందరికీ నమస్కారం. స్పోర్ట్స్ డే నాడు పాత క్రికెట్ బ్యాట్లు, ఆటోగ్రాఫ్‌లు, బేస్‌బాల్ కార్డులు లాంటివి తెచ్చినవాళ్లకి విలువ చెప్పించే టేబుల్ పెడదామని కమిటీ ఒప్పుకుంది కదా, దాని పనులన్నీ ఇక్కడే మాట్లాడుకుందాం, వాట్సాప్‌లో రాస్తే కొట్టుకుపోతున్నాయి.

నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటే. వెల చెప్పే మనిషి ఆ రోజు హాల్లో ఏదీ కొనకూడదు, "తర్వాత మా షాపుకి తీసుకురండి" అని కార్డు కూడా ఇవ్వకూడదు. తెలిసిన డీలర్ ఒకాయన ఫ్రీగా వచ్చి కూర్చుంటానన్నారని మీటింగ్‌లో ఒక అన్న చెప్పారు. ఆయన మంచివారే అయ్యుండొచ్చు, కానీ కొనేవాడే వెల చెప్తే అమ్మేవాళ్ల తరఫున మాట్లాడేదెవరు? మన పెద్దవాళ్లు మొహమాటానికే ఇచ్చేస్తారు. అందుకే డబ్బిచ్చి అప్రైజర్‌నే పిలుద్దాం, గంటకి ఇంత అని ముందే మాట్లాడుకుందాం. చెప్పిన విలువలో ఇంత శాతం అంటే మాత్రం వద్దు, ఇక్కడ అమెరికాలో అప్రైజర్లు పాటించే యూఎస్‌పాప్ ప్రమాణాలే దాన్ని ఒప్పుకోవు.

రిజిస్ట్రేషన్ డెస్క్ వాళ్లు ఓపిగ్గా చెప్పాల్సిందేంటంటే, అసలుదా కాదా తేల్చడం వేరు, కండిషన్‌కి గ్రేడ్ ఇవ్వడం వేరు, విలువ కట్టడం వేరు. పీఎస్‌ఏ లాంటి కంపెనీలు కార్డులకి 1 నుంచి 10 వరకు గ్రేడ్ ఇస్తాయి, అది పంపించి తెప్పించుకునే వ్యవహారం. మన టేబుల్ దగ్గర దొరికేది నోటిమాట అంచనా మాత్రమే. ఇన్సూరెన్స్‌కి కావాలంటే రాతపూర్వకంగా రిపోర్టు విడిగా చేయించుకోవాలి. అందులో సాధారణంగా వేసేది అలాంటిదే మళ్లీ కొనడానికి అయ్యే ఖర్చు, అమ్మితే చేతికొచ్చేది అంతకంటే తక్కువే ఉంటుంది. ఈ తేడా ముందే చెప్పకపోతే గొడవ మన మీదికే వస్తుంది.

వస్తువుతో పాటు అది ఎక్కడినుంచి వచ్చిందో చూపించే సాక్ష్యం కూడా తెమ్మనండి, ఫ్లయర్‌లో ఈ మాట పెద్దక్షరాల్లో ఉండాలి. ధోనీ 2011 ప్రపంచకప్ ఫైనల్లో ఆడిన బ్యాటు అదే ఏడాది లండన్‌లో ఛారిటీ వేలంలో లక్ష పౌండ్లు పలికింది. మ్యాచ్‌లో ఆడని బ్యాటు మీద ఆయన సంతకం ఒక్కటే ఉంటే దాని లెక్క వేరు. 1986 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ మీద మారడోనా వేసుకున్న చొక్కా 2022లో సోథబీస్ వేలంలో సుమారు 71 లక్షల పౌండ్లకి పోయింది. మ్యాచ్ అవగానే ఆయనతో చొక్కా మార్చుకున్న ఇంగ్లండ్ ఆటగాడు స్టీవ్ హాడ్జ్ దగ్గరే అది అన్నేళ్లూ ఉంది, మాంచెస్టర్‌లోని నేషనల్ ఫుట్‌బాల్ మ్యూజియంలో కూడా పెట్టారు. అయినా మారడోనా కుటుంబం అది గోల్స్ కొట్టిన చొక్కా కాదంది, మ్యాచ్ ఫొటోలతో సరిపోల్చి చూపించాల్సి వచ్చింది. దానికే అంత పరీక్ష ఉంటే మన ఇళ్లలోవాటికి "మా బాబాయి ఇచ్చాడు" అంటే ఎలా సరిపోతుంది? ఆటగాడితో దిగిన ఫొటో, ఆ రోజు టికెట్, పోస్టులో వచ్చిన కవరు, కొన్న రసీదు, ఏది ఉంటే అది తేవాలి. సర్టిఫికెట్ ఉంటే చాలనుకునేవాళ్లు చాలామంది. 1990లలో ఎఫ్‌బీఐ ఆపరేషన్ బుల్‌పెన్‌లో పట్టుకున్న దొంగ సంతకాలకి సర్టిఫికెట్లూ ఉన్నాయి. ఎవరిచ్చారన్నదే అసలు ప్రశ్న.

టేబుల్ దగ్గర మంచి తెల్ల లైటు, భూతద్దం ఉండాలి. అచ్చేసిన సంతకాన్ని అద్దం కింద చూస్తే చాలాసార్లు గీత చిన్న చిన్న చుక్కలుగా విడిపోయి కనిపిస్తుంది. పెన్నుతో చేసినదైతే గీత మీద గీత దాటినచోట సిరా చిక్కబడి ఉంటుంది, చెయ్యి ఒత్తిన దగ్గర లావుగా, ఎత్తిన దగ్గర సన్నగా పోతుంది. ఆటోపెన్ అని, పెన్ను పట్టుకుని సంతకాన్ని అచ్చం అలాగే గీసే మెషీన్‌తో చేసినదానికి మొదటినుంచి చివరిదాకా ఒకటే ఒత్తిడి. ఇది వాలంటీర్లు తెలుసుకోవడానికే, తీర్పు మాత్రం మనం చెప్పొద్దు.

రిప్లై, రిజిస్ట్రేషన్ టీమ్ నుంచి:
అన్నా, ఇక్కడ పెరిగిన పిల్లల కార్డులు చాలామంది గరాజ్‌లో డబ్బాలకొద్దీ ఉన్నాయంటున్నారు, మొత్తం తెమ్మందామా? ఇంకోటి, టేబుల్ మీద పెట్టేసి మ్యాచ్ చూసొస్తామంటే తీసుకోవాలా?

రిప్లై:
వద్దక్కా, రెండోదానికి ఖచ్చితంగా వద్దు. వస్తువు ఎప్పుడూ వాళ్ల చేతిలోనే ఉండాలి, పోయినా గీతపడినా మనం జవాబు చెప్పలేం. డబ్బాల సంగతంటే, 1980ల చివర, 90ల మొదట్లో బేస్‌బాల్ కార్డులు విపరీతంగా అచ్చేశారు, వాటిలో ఎక్కువ శాతానికి పెద్ద ధర లేదు. మనిషికి మూడు వస్తువులు అని పెడదాం, ముందే ఫొటోలు పంపమందాం, అప్రైజర్ చూసి ఏవి తేవాలో చెప్తారు. చిన్నప్పటినుంచి దాచుకున్నవి కాబట్టి ధర లేదన్న మాట కాస్త మెత్తగా చెప్పండి. కార్డుల కట్టకి రబ్బరు బ్యాండు వేయొద్దని, బ్యాటు మీద దుమ్ముంటే తడిగుడ్డతో తుడవొద్దని, ఫ్రేములో ఉన్నది విప్పొద్దని కూడా రాయండి, తేవడానికి ముందు ముస్తాబు చేయబోయి పాడుచేసేవే ఎక్కువ.

రిప్లై, ఫండ్‌రైజింగ్ టీమ్ నుంచి:
సంతకం ఉన్న బ్యాటు ఒకటి మన వేలానికి ఇస్తామంటున్నారు, ట్యాక్స్ రసీదు మీద విలువ మనమే వేసిస్తే సరిపోతుందా తమ్ముడూ?

రిప్లై:
మనం వేయకూడదక్కా. ఫలానా వస్తువు ఫలానా తేదీన అందింది అని రాసిద్దాం, విలువ మాత్రం వేయొద్దు. 5,000 డాలర్లకి పైన ట్యాక్స్ డిడక్షన్ అడిగితే వాళ్లే అర్హత ఉన్న అప్రైజర్ చేత రిపోర్టు చేయించుకుని ట్యాక్స్ రిటర్న్‌తో ఫారం 8283 పెట్టాలి, ఆ అప్రైజల్ విరాళానికి 60 రోజుల కంటే ముందు చేసినదైతే చెల్లదు. పైగా వేలంలో అమ్మడానికే ఇచ్చే వస్తువుకి ఇప్పటి మార్కెట్ ధర కాకుండా సాధారణంగా వాళ్లు కొన్న ధర వరకే డిడక్షన్ వస్తుంది. వాళ్ల ట్యాక్స్ అడ్వైజర్‌ని అడిగాకే ఇమ్మనండి, తర్వాత మనసు కష్టపెట్టుకోకూడదు.

ఇంకా కావాల్సినవి: ఫొటోల ఈమెయిల్ చూసుకోవడానికి ఒకరు, క్యూ దగ్గర టోకెన్లు ఇవ్వడానికి ఇద్దరు, అప్రైజర్ పక్కన కూర్చుని పెద్దవాళ్లకి తెలుగులో చెప్పడానికి ఒకరు. ఈ చివరిదానికి ఓపిక ఉన్నవాళ్లే ముందుకు రండి. పేర్లు ఆదివారం లోపు ఇక్కడే రాయండి, సోమవారం అప్రైజర్‌కి అడ్వాన్స్ పంపాలి.