బ్యాంకాక్‌లో మూడు రోజులు: గ్రాండ్ ప్యాలెస్ టికెట్టుకు 500 బాట్లు పెట్టవచ్చా?

ప్రశ్న (కృష్ణాతీరం):
అందరికీ నమస్కారం. వచ్చే జనవరిలో మా అమ్మను వెంటబెట్టుకుని హైదరాబాదు నుంచి బ్యాంకాక్ వెళ్తున్నాను. విమానం టికెట్లు, బస కుదిరాయి కానీ, మూడు రోజులు తిరగడానికీ తినడానికీ ఇద్దరికీ కలిపి 3,000 బాట్లకు మించి పెట్టే స్తోమత లేదు. అమ్మ శాకాహారి; మోకాళ్ల నొప్పుల వల్ల ఎక్కువ మెట్లు ఎక్కలేదు. గ్రాండ్ ప్యాలెస్ టికెట్టు మనిషికి 500 బాట్లని విన్నాను. అంత పెట్టి చూడదగినదేనా, లేక మానుకోవచ్చునా?

జవాబు (రేవుబాట):
నన్నడిగితే మానుకోవచ్చు. అయినా ఆ ఊళ్లో చేతిలో డబ్బు తెలియకుండా కరిగిపోయేది గుడి టికెట్లకన్నా ఎక్కువగా టుక్‌టుక్‌లకే, అంటే అక్కడి ఆటోలకే. అక్కడి మెట్రో అయిన స్కైట్రైన్‌లో సఫాన్ తక్సిన్ స్టేషన్ దాకా వచ్చి, కిందనే ఉన్న సాథోర్న్ రేవులో నారింజ జెండా పడవ ఎక్కితే, చావ్ ఫ్రయా నది మీద ఎంత దూరం పోయినా ఇద్దరికీ 40 బాట్లు దాటదు. నీలి జెండా పడవ పర్యాటకులది, దానికి ఎక్కువ అడుగుతారు. కండక్టరు పొడవాటి రేకు గొట్టంలో చిల్లర గలగలలాడిస్తూ వచ్చి పడవలోనే టికెట్టు ఇస్తాడు. పడవ రేవును తాకీ తాకనట్టు ఆగి కదిలిపోతుంది కనుక, దిగేటప్పుడు అమ్మగారి చెయ్యి విడవకండి.

థా తియన్ రేవులో దిగితే వాట్ ఫో గుడి పక్కనే. 46 మీటర్ల పొడవున పవళించిన బుద్ధుడి అరికాళ్ల మీద ముత్యపుచిప్పతో పొదిగిన 108 శుభచిహ్నాలున్నాయి. వెనక గోడ వెంబడి వరుసగా పెట్టిన 108 కంచుగిన్నెల్లో జనం ఒక్కో నాణెం వేసుకుంటూ నడుస్తుంటే, ఆ టింగుటింగుమనే చప్పుడు మందిరమంతా వినిపిస్తుంది. నదికి అవతలి ఒడ్డున ఉన్న వాట్ అరుణ్ గుడి మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి కాబట్టి, సాయంత్రం ఇవతలి ఒడ్డున నిలబడి చూస్తే చాలు, పైసా ఖర్చు లేదు.

జవాబు (పాతసంచి):
పడవ సంగతి నిజమే కానీ, ప్యాలెస్ మానుకోమన్న సలహాతో నేను ఏకీభవించలేను. ప్యాలెస్ ఆవరణలోనే ఉన్న మరకత బుద్ధుడి ఆలయం చుట్టూ ఉన్న వసారా గోడల మీద 178 భాగాలుగా చిత్రించిన రామకియన్, అంటే థాయి రామాయణం, తెలుగువాళ్లకు ఎవరూ వివరించనక్కరలేకుండానే సగం అర్థమవుతుంది. రావణుడు అక్కడ థోత్సకన్, అంటే మన దశకంఠుడే. తెల్లని ఒంటితో కనిపించే హనుమంతుడు మాత్రం మన బ్రహ్మచారి కాడు; వారధి రాళ్లను లాగేస్తున్న రావణుడి కూతురిని, ఆ మత్స్యకన్యను, ప్రేమించి దారికి తెచ్చుకుంటాడు. ఇద్దరికీ కలిపి ప్యాలెస్‌కు 1,000, వాట్ ఫోకు 600 పోయినా మీకు ఇంకా 1,400 మిగులుతాయి, పొదుపుగా తింటే మూడు రోజులకు సరిపోతాయి.

ఉదయం 8:30కు తలుపులు తెరవగానే వెళ్లండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. దారిలో ఎవరైనా మర్యాదగా పలకరించి “ఈ రోజు ప్యాలెస్ మూసేశారు” అంటే నమ్మవద్దు. నేను నమ్మి, 20 బాట్లకే ఊరంతా చూపిస్తానన్న టుక్‌టుక్ ఎక్కి, ఒక పూటంతా రత్నాల దుకాణంలో కూర్చున్నాను.

జవాబు (పచ్చిమామిడి):
భోజనం గురించి ఎవరూ చెప్పలేదు. పచ్చి బొప్పాయి సలాడ్‌లో కూడా ఎండురొయ్యలు, చేపల సాస్ పడతాయి. పసుపు జెండా మీద ఎర్రటి థాయి అక్షరాలతో “జే”, అంటే కఠిన శాకాహారం, అని రాసి ఉన్న దుకాణాలు వెతకండి. అక్కడ వెల్లుల్లి కూడా వేయరు. పాహురత్‌లోని గురుద్వారాలో తలకు గుడ్డ కట్టుకుని కూర్చుంటే లంగరులో, అంటే అక్కడి ఉచిత భోజనశాలలో, రొట్టె, పప్పు పెడతారు.

ఒక సాయంత్రం లుంఫినీ పార్కుకు వెళ్లండి, ప్రవేశం ఉచితం, నేలంతా చదును. చెరువు గట్టున మొసలి పిల్లలంత ఉడుములు తిరుగుతుంటాయి, వాటి జోలికి పోకపోతే అవీ మన జోలికి రావు. సరిగ్గా 6 గంటలకు జాతీయగీతం మోగగానే పరుగెత్తేవాళ్లు సైతం ఎక్కడివాళ్లక్కడ నిలిచిపోతారు, మీరూ నిలబడండి.

కృష్ణాతీరం:
అందరికీ ధన్యవాదాలు. మీ జవాబులు అమ్మకు చదివి వినిపించాను. “హనుమంతుడికి ప్రేమా!” అని చాలాసేపు నొచ్చుకుని, ఆ గోడలేవో స్వయంగా చూడాల్సిందేనని తీర్మానించింది. కాబట్టి ప్యాలెస్ ఖాయం, టుక్‌టుక్ రద్దు.