అప్‌డేట్: ఎఫ్ బార్ కార్డ్ పలకని సమస్య తీరింది

ఆన్‌లైన్ పాఠాలతో 4 నెలలుగా గిటార్ నేర్చుకుంటున్నా ఎఫ్ బార్ కార్డ్ (చూపుడు వేలితో తీగలన్నిటినీ అడ్డంగా నొక్కిపట్టి వాయించే స్వరాల కలయిక) స్పష్టంగా పలకడం లేదనీ, డబ్బు కట్టి వేరే కోర్సులో చేరాలా అనీ గత నెల ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. అదే ఆకారాన్ని ఐదో ఫ్రెట్ (గిటార్ మెడపై అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర పట్టి చూడమన్న సలహాయే దారి చూపింది: అక్కడ ఆరు తీగలూ శుభ్రంగా మోగాయి, మొదటి ఫ్రెట్ దగ్గరే మొరాయించాయి. రిపేరు చేసే ఆయన చూసి, నట్‌లోని (మెడ పైచివర తీగలు ఆని ఉండే చిన్న పట్టీ) గాడులు తగినంత లోతుగా లేనందున తీగలు ఎత్తుగా నిలిచాయని చెప్పి, వాటిని సన్నని ఆకురాయితో అరగదీశారు. అంతకుముందు తీగలు మార్చడం వల్ల ఒరిగిందేమీ లేదు. కోర్సు మార్చే అవసరమూ రాలేదు. జస్టిన్ గిటార్ అనే వెబ్‌సైట్‌లోని ఉచిత పాఠాలనే కొనసాగిస్తూ, నిమిషంలో సి కార్డ్ నుంచి ఎఫ్‌కు ఎన్నిసార్లు మారగలనో లెక్కపెట్టే అభ్యాసం రోజూ చేస్తున్నాను. మొదట 6 వచ్చింది, నిన్న 22.