వారానికో థీమ్ పెట్టుకుని యోగా చేయాలంటే దేన్ని పట్టుకోవాలి?

ప్రశ్న

వారానికి నాలుగు రోజులు, రోజుకో గంట ఇంట్లోనే చేస్తున్నాను. సూర్య నమస్కారాలు, త్రికోణాసనం, వీరభద్రాసనం రెండోది, అధోముఖ శ్వానాసనం (చేతులూ పాదాలూ నేల మీద, తుంటి పైకి), భుజంగాసనం, సేతుబంధాసనం (వెల్లకిలా పడుకుని తుంటి ఎత్తేది), పశ్చిమోత్తానాసనం (కూర్చుని చాచిన కాళ్ల మీదకి వంగేది) వచ్చు. ఇబ్బంది ఎక్కడంటే, ఆ రోజు ఏది గుర్తొస్తే అది చేసేసి లేస్తున్నా. వారానికో థీమ్ పెట్టుకోమంటారు కదా, అసలు థీమ్ అంటే ఏంటి? "ఈ వారం సమతుల్యం", "ఈ వారం కృతజ్ఞత" అని రాసుకుంటే మ్యాట్ మీద నిలబడ్డాక ఏం చేయాలో తోచట్లేదు. ఇంకో రెండు: శ్వానాసనంలో మణికట్లు నొప్పి, పశ్చిమోత్తానాసనంలో పిరుదు కింద ఎముక దగ్గర గట్టిగా లాగుతోంది. వీటికీ థీమ్‌కీ ఏమన్నా సంబంధం ఉంటుందా?

సమాధానం 1

ఉంటుందండీ, చాలా ఉంటుంది. థీమ్ అంటే గోడకి అతికించుకునే మాట కాదు. ఆ వారం చేసే ప్రతి ఆసనంలోనూ "ఇది జరుగుతోందా లేదా" అని చూసుకోగలిగే ఒకే ఒక్క విషయం. దాన్ని నేలకి తగిలే భాగం నుంచి మొదలుపెట్టండి. పునాది అనేది అక్కడే.

మొదటి వారం పాదాలు. తాడాసనంలో, అంటే నిటారుగా నిలబడి, పాదానికి మూడు చోట్లు గుర్తించండి: బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, మడమ మధ్య భాగం. వేళ్లన్నీ పైకెత్తండి. అరికాలి వంపు లేస్తుంది. ఆ వంపు పోకుండా వేళ్లని ఒక్కొక్కటిగా దించండి. బరువు మూడు చోట్లా సమానంగా ఉండాలి. ఇప్పుడు ఇదే విషయాన్ని మీకొచ్చిన ఆసనాల్లో వెతకండి.

త్రికోణాసనంలో చెయ్యి కిందకి చేర్చాలన్న తొందరలో ముందు పాదం బొటనవేలి మొదలు నేల వదిలేస్తుంది, వెనక తుంటి బయటికి పోతుంది. చెయ్యి కింద బ్రిక్ (ఇటుకలాంటి యోగా దిమ్మ) నిలువుగా పెట్టుకుంటే రెండూ ఆగుతాయి. వీరభద్రాసనంలో అదే బొటనవేలి వైపు అరికాలి వంపు కూలిపోతే మోకాలు లోపలికి వాలుతుంది. మోకాటి చిప్ప రెండో వేలి వైపు చూడాలి, మోకాలు చీలమండ దాటి ముందుకు పోకూడదు. సేతుబంధాసనంలో పాదాలు బయటికి తిరిగితే మోకాళ్లు విచ్చుకుంటాయి, నడుము కింద నొక్కినట్టవుతుంది. పాదాల అంచులు సమాంతరంగా పెట్టి మడమలు నొక్కితే ఆ నొక్కుడు సగం తగ్గిపోతుంది. భుజంగాసనంలో పాదాల పైభాగం నేలకి ఆనించి చిటికెనవేలి గోరు నొక్కండి, తొడలు వాటంతటవే బిగుస్తాయి. చూశారా, నాలుగు ఆసనాలు, పని ఒక్కటే.

రెండో వారం అరచేతులు, మూడో వారం కటి (తుంటి ఎముకల భాగం), నాలుగో వారం శ్వాస. మళ్లీ మొదటికి రండి, కానీ అదే విషయం ఇంకొంచెం కష్టమైన ఆసనాల్లో.

నాలుగు రోజులూ ఆసనాల జాబితా మార్చొద్దు, నిలిపే తీరు మార్చండి. మొదటి రోజు ఒక్కో ఆసనంలో 5 శ్వాసలు. రెండో రోజు 8, కానీ అదే జాబితాలోంచి కొన్ని ఆసనాలే. మూడో రోజు శ్వాసకో కదలికగా, ఎక్కడా ఆగకుండా. నాలుగో రోజు మళ్లీ 5 శ్వాసలు, రెండేసి సార్లు. రెండోసారికి ఏం మారిందో మీకే తెలుస్తుంది.

గంటని ఇలా పంచుకోవచ్చు: 5 నిమిషాలు పడుకునో కూర్చునో శ్వాస, 10 నిమిషాలు కీళ్ల కదలికలూ నెమ్మదిగా సూర్య నమస్కారాలూ, 25 అసలు పని, 10 కూర్చుని మెలికలూ ముందుకు వంగేవీ, 10 శవాసనం. టైమ్ చాలకపోతే అందరూ శవాసనానికి కోత పెడతారు. మీరు 25లోంచి కోయండి.

సమాధానం 2

మణికట్టు సంగతి చెప్తా, పై సమాధానంలో రెండో వారానికి ఇదే సరుకు.

శ్వానాసనంలో మణికట్టు నొప్పి పుట్టేది ఎక్కువగా బరువు అరచేతి మడమ (మణికట్టుని ఆనుకుని ఉండే అరచేతి అడుగు భాగం) మీద, అదీ చిటికెనవేలి వైపు పడినప్పుడు. పరీక్ష సులభం: ఆసనంలో ఉండగా ఎవరినైనా మీ చూపుడువేలి మొదలు కింద కాగితం దూర్చమనండి. దూరితే అక్కడ బరువు లేనట్టే.

సరిచేసే క్రమం: చేతులు భుజాల వెడల్పు. మణికట్టు దగ్గర చర్మం మడతపడే గీత మ్యాట్ ముందు అంచుకి సమాంతరంగా. వేళ్లు విప్పి ముందు చూపుడువేలి మొదలు, తర్వాత బొటనవేలి మొదలు నొక్కండి. వేలి చివరలతో నేలని కొంచెం పట్టుకోండి, అరచేతి నడుమ చిన్న గుంట పడాలి. చేయి పైభాగాన్ని బయటికి తిప్పండి. చివర్లో మోకాళ్లు వంచి తొడలు వెనక్కి తోయండి. ఈ ఆఖరిది చాలామంది చేయరు. మడమలు నేలకి ఆనాలనే పట్టుదలతో పాదాలు ముందుకు జరుపుకుంటారు, బరువంతా చేతుల మీదకొచ్చి పడుతుంది. దూరం తెలియాలంటే ప్లాంక్‌లోకి (చేతులూ కాలివేళ్ల మీద ఒళ్లు నిటారుగా నిలిపే భంగిమ) వెళ్లి, చేతులూ పాదాలూ కదపకుండా తుంటి పైకెత్తండి. ఇంచుమించు అదే మీ దూరం.

అప్పటికీ నొప్పి ఉంటే మ్యాట్ అంచుని రెండు మూడు మడతలు చుట్టి అరచేతి మడమ దాని మీద, వేళ్లు కింద నేల మీద పెట్టండి. మణికట్టు వంగే కోణం తగ్గుతుంది. లేదా ముంజేతుల మీద చేయండి. వేళ్లు తిమ్మిరెక్కుతుంటే మాత్రం ఇవేవీ వద్దు, ఆపేసి డాక్టర్‌కి చూపించండి.

సమాధానం 3

మొదటి సమాధానంతో సగమే ఏకీభవిస్తాను. ఒకే జాబితాని నాలుగు రోజులూ తిప్పితే పాదాలు బాగుపడతాయేమో గానీ శరీరం ఒకే వైపు పనిచేస్తుంది. అయ్యంగార్ పద్ధతి (బి.కె.ఎస్. అయ్యంగార్ నేర్పిన యోగా) తరగతుల్లో నెలని నాలుగుగా పంచడం మామూలే: మొదటి వారం నిలబడే ఆసనాలు, రెండోది ముందుకు వంగేవి, మూడోది వెనక్కి వంగేవి, నాలుగోది విశ్రాంతి ఆసనాలూ ప్రాణాయామమూ. వారం ఆసనాల గుంపుని నిర్ణయిస్తుంది, ఆ గుంపులో ఏ అంశం చూడాలో మీరు నిర్ణయించుకోండి. రెండూ కలిపితే పేచీ లేదు. నిలబడేవి మాత్రం ఏ వారమైనా కొన్ని ఉండాలి.

ఇక "కృతజ్ఞత" సంగతి. భావాన్ని థీమ్‌గా పెట్టుకోవడంలో తప్పు లేదు, దాన్ని శరీరం చేసే పనిగా మార్చకపోతేనే చిక్కు. యోగ సూత్రాల్లో పతంజలి చెప్పిన ఐదు యమాల్లో (నడవడిక నియమాల్లో) మొదటిది అహింస. వారమంతా అహింస అనుకుంటే మ్యాట్ మీద నియమం ఒకటే: శ్వాస గరుకుగా మారిన చోట రెండంగుళాలు వెనక్కి రావాలి. సత్యం అయితే, మోకాలు నిజంగా చీలమండ మీదే ఉందా, ఉందనుకుంటున్నామా అని వంగి చూడడం. అస్తేయం (దొంగిలించకపోవడం) అయితే, పై వీపు చేయాల్సిన పనిని నడుముతో చేయించకపోవడం. భుజంగాసనంలో రోజూ జరిగే దొంగతనం ఇదే! ఆసనం గురించి ఆయన స్థిరం, సుఖం అని రెండు లక్షణాలే చెప్పి (2.46), వెంటనే ప్రయత్నాన్ని సడలించడం గురించి చెప్పాడు (2.47). శ్వాస వారానికి ఇంతకంటే మంచి థీమ్ వెతకక్కర్లేదు: ఆసనంలో నిలిచాక దవడ, నుదురు, వేళ్లు, ఎక్కడ అనవసరంగా బిగించామో చూసి వదలడం. తీసుకునే శ్వాస 4 లెక్కలు, వదిలేది 6. బిగబట్టడం ఇప్పుడే వద్దు.

ప్రశ్న అడిగినవారు

థాంక్సండీ అందరికీ. ముందుకు వంగే వారం రాకముందే ఆ పిరుదు ఎముక సంగతి తేల్చుకోవాలి. లాగుతున్నా రోజూ చేస్తే సాగి అదే సర్దుకుంటుందా?

సమాధానం 4

సర్దుకోదు, ముదురుతుంది. తొడ వెనక కండరం మధ్యలో లాగితే అది సాగడం. పిరుదు ఎముక దగ్గర లాగితే కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే స్నాయువు మీద ఒత్తిడి పడుతున్నట్టు. స్నాయువు కండరం కన్నా నెమ్మదిగా మానుతుంది, అందుకే ఇది నెలల తరబడి వేధిస్తుంది.

కారణం చాలాసార్లు కటి కదలకపోవడం కావచ్చు. కటి వెనక్కి వాలి ఉండగా మోకాళ్లు బిగించి పాదాలు పట్టుకుని లాగితే, వీపు గుండ్రమై ఆ లాగుడంతా పోయి స్నాయువు మీద పడుతుంది. దుప్పటి మడిచి 3, 4 అంగుళాల ఎత్తు మీద కూర్చోండి. మోకాళ్లు వంచి కింద ఇంకో దుప్పటి చుట్ట పెట్టండి. మొదట పొత్తికడుపు తొడలకి తగలాలి, తల ఆఖర్న. పాదాలకి బెల్ట్ వేసి పట్టుకోండి, కానీ దానితో మిమ్మల్ని ముందుకు గుంజుకోవద్దు. లాగుడు ఎముక దగ్గర్నుంచి తొడ మధ్యకి మారేదాకా మోకాళ్లు వంచుతూ పోండి. మారకపోతే ఆ ఆసనమే కొన్ని వారాలు పక్కన పెట్టండి. ఉత్తానాసనంలోనూ (నిలబడి ముందుకు వంగేది) ఇదే. సూర్య నమస్కారాల్లో ఎన్నిసార్లు వంగుతున్నారో లెక్కేసుకోండి, అసలు దెబ్బ అక్కడ తగులుతుంటుంది.

సాగదీయడం తగ్గించి బలం పెంచండి. సేతుబంధాసనంలో పాదాలు మామూలు కన్నా ఒక జానెడు దూరంగా పెట్టి మడమలతో నేలని మీ వైపు లాగుతున్నట్టు 5 శ్వాసలు, మూడు సార్లు. శలభాసనం (బోర్లా పడుకుని చేసేది) కాళ్లు మాత్రమే ఎత్తి. చేసేటప్పుడు నొప్పి పెరగకూడదు. కూర్చుంటేనే పొడుస్తున్నట్టు ఉంటే ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్లండి.

సమాధానం 1 రాసినవారు

పైన చెప్పింది సరైనదే. ఆ లెక్కన మీ నెలలో ముందుకు వంగే వారం తీసేసి, దాని బదులు కటి థీమ్‌ని సేతుబంధాసనం, శలభాసనం, వీరభద్రాసనాలతో నడపండి. వెనక్కి వంగేవి అయ్యాక నేరుగా గట్టిగా ముందుకు వంగొద్దు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు వంచి ఒక నిమిషం, తర్వాత పడుకునే తేలికైన మెలిక రెండు వైపులా, అప్పుడు శవాసనం. దానికీ మోకాళ్ల కింద దుప్పటి చుట్ట పెట్టుకోండి.