ఉప్పు మడిలోని ఎర్ర నీరు: బాక్టీరియానా, శైవలమా, మరొకటా?

ప్రశ్న
ఉన్నత పాఠశాల జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా

గత మార్చిలో ఎనిమిదో తరగతి పిల్లలను నౌపడ ఉప్పు మడులు చూపించడానికి తీసుకువెళ్లాను. సముద్రపు నీరు మొదట చేరే మడులలో నీరు మామూలుగానే ఉంది కానీ, ఉప్పు గట్టిపడే చివరి మడులలో మాత్రం కుంకుమ కలిపినట్లు ఎర్రగా ఉంది. ఒక విద్యార్థిని వెంటనే, "ఉప్పు సరిగా పడితే ఆవకాయ చెడదని, ఉప్పులో సూక్ష్మజీవులు బతకవని మీరే చెప్పారు కదా మాస్టారూ, మరి ఈ రంగు దేనిది?" అని అడిగింది. నేను తడబడ్డాను.

ఇంటికి వచ్చి చదివితే, ఒకచోట అది డ్యునాలియెల్లా అనే శైవలమని, మరొకచోట హాలోబాక్టీరియం అనే బాక్టీరియా అని, ఇంకొకచోట హాలోబాక్టీరియం అసలు బాక్టీరియాయే కాదని ఉంది. మా పాఠంలో బాక్టీరియా, శిలీంధ్రాలు, ప్రోటోజోవా, శైవలాలు, వైరస్‌లు తప్ప మరో వర్గం లేదు. పిల్లలకు ఏమని చెప్పాలి?

సమాధానం 1
డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు, విశాఖపట్నం

మీ విద్యార్థిని అడిగిన దానితోనే మొదలుపెడతాను. ఉప్పు విషమై సూక్ష్మజీవిని చంపదు. కణంలోని నీటిని బయటికి లాగేస్తుంది. ఆవకాయలో చాలా బాక్టీరియా పెరగలేకపోవడానికి ఉప్పుతో పాటు పులుపు, పైన తేలే నూనె కూడా కారణాలే. ఈ నీటి నష్టాన్ని తట్టుకునే ఉపాయం ఉన్న జీవికి ఉప్పు మడి పోటీదారులు లేని పొలం వంటిది. డ్యునాలియెల్లా తన కణంలో గ్లిసరాల్ నింపుకుంటుంది, హాలోబాక్టీరియం పొటాషియం లవణాన్ని నింపుకుంటుంది. రెండో ఉపాయానికి మూల్యం కూడా ఉంది: దాని ప్రోటీన్లు ఉప్పుకు ఎంతగా అలవాటుపడ్డాయంటే, మంచినీటిలో వేస్తే ఆ కణం పగిలిపోతుంది. ఇటువంటి వాటిని లవణప్రియ జీవులు అంటాము.

ఇక పేర్ల చిక్కు. "సూక్ష్మజీవి" అన్న మాట పరిమాణాన్ని మాత్రమే చెబుతుంది, బంధుత్వాన్ని చెప్పదు. డ్యునాలియెల్లా కణంలో పొర చుట్టిన కేంద్రకం ఉంటుంది కనుక అది నిజకేంద్రక జీవి. ఆ లెక్కన ఉప్పు మడిలోని తన పొరుగు జీవుల కంటే మన చింతచెట్టుకే దగ్గరి చుట్టం. అది పచ్చని శైవలమే అయినా, తీవ్రమైన ఎండలోనూ ఉప్పులోనూ బీటా కెరోటిన్ అనే రంగు పదార్థాన్ని పోగుచేసుకుని నారింజ ఎరుపుకు మారుతుంది. హాలోబాక్టీరియంలో కేంద్రకం లేదు, కనుక అది కేంద్రకపూర్వ జీవి. ఒకప్పుడు కేంద్రకపూర్వ జీవులన్నీ బాక్టీరియాయే అనుకున్నారు, దీనికి ఆ పేరు పెట్టింది ఆ రోజుల్లోనే. 1977లో శాస్త్రవేత్తలు కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోముల ఆర్‌ఎన్‌ఏను పోల్చి చూసి, వీటిలో ఒక గుంపు బాక్టీరియాకు ఎంత దూరమో మనకూ అంతే దూరమని చూపించారు. ఆ గుంపే నేటి ఆర్కియా, హాలోబాక్టీరియం అందులోదే. వాటి కణకవచంలో బాక్టీరియాలో ఉండే పెప్టిడోగ్లైకాన్ లేదు, అందుకే పెనిసిలిన్ వాటిపై పనిచేయదు.

తెలుగు పుస్తకాలలో "పురాతన బాక్టీరియా" అన్న పేరు కనిపిస్తుంది. అది రెండు విధాలా తప్పుదోవ పట్టిస్తుందని నా అభిప్రాయం: అవి బాక్టీరియా కావు, నేటి బాక్టీరియా కంటే పురాతనమూ కావు. ఆర్కియా అనే వ్రాయండి. పిల్లలకు మరింత దగ్గరి ఉదాహరణ కావాలంటే, గోబర్ గ్యాస్ తొట్టిలోనూ నీరు నిలిచిన వరి మడి బురదలోనూ మీథేన్ తయారుచేసేవి ఆర్కియాయే.

సమాధానం 2
ఉప్పు సాగు కుటుంబం, చినగంజాం

నేను సైన్సు చదువుకోలేదు, అయినా ఆ ఎరుపును చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. మేము నీటి చిక్కదనాన్ని బోమే డిగ్రీలలో కొలుస్తాము. సముద్రపు నీరు సుమారు 3 డిగ్రీలు ఉంటుంది, మడి మారుస్తూ ఎండబెట్టగా 25 దగ్గర ఉప్పు దిగడం మొదలవుతుంది. మా నాన్నగారు కొలిచే గొట్టం కంటే రంగునే ఎక్కువ నమ్మేవారు. నీరు ఎర్రబడితే ఉప్పుకు దగ్గరైనట్లే అనేవారు. ఎర్ర నీరు ఎండను ఎక్కువగా పట్టి త్వరగా ఆవిరవుతుందని కూడా ఆయన చెప్పేవారు. 29, 30 డిగ్రీలు దాటితే ఉప్పులో మెగ్నీషియం చేదు చేరుతుంది కనుక మిగిలిన నీటిని బయటికి వదిలేస్తాము.

అధ్యాపకురాలు గారిని ఒక్క విషయం అడగాలి. ఉప్పు పట్టించిన ఎండు చేపల మీద వానాకాలంలో ఎర్రటి పొర వస్తుంది. దానిని మా ఊళ్లో బూజు అంటారు. అది కూడా ఇదేనా?

సమాధానం 3
సూక్ష్మజీవశాస్త్ర పరిశోధక విద్యార్థి, హైదరాబాద్

మీ నాన్నగారి మాట సరైనదే: ఎర్ర నీరు సూర్యరశ్మిని ఎక్కువగా గ్రహించి వేడెక్కుతుంది. చేపల మీది ఎర్ర పొర సాధారణంగా బూజు కాదు, అంటే శిలీంధ్రం కాదు. మడిలో ఉన్న ఆ ఆర్కియాయే. ఉప్పు గళ్లలో చిక్కుకున్న సూక్ష్మమైన నీటి బిందువులలో అవి బతికి ఉండి, చేప మీద తేమ, వెచ్చదనం దొరకగానే పెరుగుతాయి. మనుషులకు రోగం తెచ్చే ఆర్కియా ఒక్కటి కూడా ఇంతవరకు నిర్ధారణ కాలేదు. అయినా ఎర్రబడిన చేపను తినమని చెప్పను, అదే తేమలో హానికరమైనవి వేరేవి కూడా పెరిగి ఉండవచ్చు.

మొదటి సమాధానానికి ఒక చేర్పు అవసరం. మడిలో ఎరుపు ఈ రెండింటి వల్లనే అని చెప్పడం అసంపూర్ణం. 2002లో స్పెయిన్ ఉప్పు మడుల నుంచి సాలినీబాక్టర్ రూబర్ అనే జీవిని వర్ణించారు. అది ఎర్రగా ఉండే నిజమైన బాక్టీరియా, పైగా ఆర్కియా లాగానే పొటాషియం నింపుకుని బతుకుతుంది. మాస్టారి పాఠానికి ఇది కొంత ఇబ్బందే: బాక్టీరియా అని పేరున్నది బాక్టీరియా కాదు, దాని పక్కన అదే రంగులో, అదే పద్ధతిలో బతికేది మాత్రం బాక్టీరియాయే.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. మా పాఠశాలలో 400 రెట్లు పెద్దదిగా చూపే సూక్ష్మదర్శిని ఒకటి ఉంది. ఒక సీసా ఎర్ర నీరు తెప్పిస్తే పిల్లలకు వీటిని వేరుచేసి చూపగలనా?

సమాధానం 4
పరిశోధక విద్యార్థి, హైదరాబాద్

శైవలాన్ని తప్పక చూపగలరు. డ్యునాలియెల్లా సుమారు 10 మైక్రోమీటర్ల పొడవుతో, కొరడా వంటి రెండు కశాభాలతో ఈదుతూ కనిపిస్తుంది. మిగిలినవి సన్నని పుల్లముక్కల వలె లీలగా ఉంటాయి. ఆ తరువాత రెండు పరీక్షనాళికలలో సమానంగా ఎర్ర నీరు పోసి, ఒకదానికి నాలుగు రెట్లు మంచినీరు, మరొకదానికి నాలుగు రెట్లు చిక్కటి ఉప్పు నీరు కలపండి. మంచినీటి నాళికలో ఆర్కియా కణాలు పగిలి, మసక తగ్గి నీరు తేటపడుతుంది. సాలినీబాక్టర్ కూడా తక్కువ ఉప్పులో నిలవదు కనుక ఈ పరీక్ష ఆ రెండింటినీ విడదీయలేదు. దానికి జన్యు పరీక్షే మార్గం.

గాజు పలకపై చుక్క ఆరిపోతే నిమిషాల్లోనే ఉప్పు గట్టిపడి, చూడవలసినది కనబడదు. కవర్ స్లిప్ అంచుల చుట్టూ వేసలీన్ పూయండి, పని అయ్యాక కటకాన్ని, దాని కింది లోహపు పలకను తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి.