మా ఆవిడకి మూడేళ్లుగా జబ్బేంటో తేలట్లేదు. ఇంకా టెస్టులు చేయించాలా, ఆపేయాలా?

వైట్‌ఫీల్డ్ వాసి:
మా ఆవిడకి 38 ఏళ్లు. మూడేళ్లుగా కీళ్ల నొప్పులు, నీరసం. పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి, కుక్కర్ మూత నేనే బిగించాలి. చపాతీ తింటే ముక్క ముక్కకీ నీళ్లు కావాలి. కళ్లలో ఇసుక పడ్డట్టుంది అంటుంది. థైరాయిడ్, షుగర్, బి12, కీళ్లవాతానికి ఆర్ఏ ఫ్యాక్టర్, ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద పడుతోందా అని చూసే ఏఎన్ఏ, నడుముకి ఎంఆర్ఐ, అన్నీ అయ్యాయి. ఒంట్లో వాపుంటే పెరిగే ఈఎస్ఆర్ 48 వచ్చింది, మిగతావన్నీ నార్మల్. బెంగళూరులో ఆరుగురు డాక్టర్లని చూశాం. చివరాయన పోయినేడాది ఫైలు సగం కూడా తిప్పకుండా "స్ట్రెస్సు, రెండు వారాలు ఊరెళ్లి రండి" అని డిప్రెషన్‌కి, నొప్పులకి ఇచ్చే అమిట్రిప్టిలిన్ మాత్ర రాశాడు. ఇప్పుడు వేలూరు సీఎంసీకి తీసుకెళ్దామని ఉంది. వెళ్లాలా, ఇక్కడితో ఆపాలా?

చిత్తూరోడు:
ఆపేయండన్నా. పెద్ద జబ్బయితే మూడేళ్లలో బయటపడేది. వెతికే కొద్దీ ఏదో ఒకటి దొరుకుతుంది, దాని వెనక ఇంకో నాలుగు టెస్టులు. మా బావమరిది కడుపునొప్పని స్కాన్ తీయించుకుంటే కిడ్నీలో సిస్ట్ ఉందన్నారు. దాని వెంట ఏడాది తిరిగాడు. సిస్ట్ వల్ల ఏమీ కాదని తేలింది, కడుపునొప్పి మాత్రం ఇప్పటికీ ఉంది.

మజ్జిగ:
ఆవిడ పళ్లు ఎలా ఉన్నాయండీ?

కడపకారం:
"ఈపాటికి బయటపడేది" అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. మా అమ్మ నడుం నొప్పంటే "వయసమ్మా" అని ఏడు నెలలు నొప్పి మాత్రలు మింగించారు. చివరికి అది వెన్నెముక టీబీ. అప్పటికే ఒక పూస సగం తినేసింది. ఆ ఏడు నెలలూ ఇంట్లో అందరూ చిత్తూరోడు గారిలాగే మాట్లాడారు, నేను కూడా. వేలూరు వెళ్లండి. లాల్‌బాగ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే వేలూరు పక్కన కాట్పాడి స్టేషన్‌లో దిగొచ్చు.

ల్యాబ్ మనిషి:
ఏఎన్ఏ టెస్టు మెషీన్ మీద చేసే ఎలైజాలో చేశారా, మైక్రోస్కోప్‌లో చూసే ఐఎఫ్ఏలో చేశారా? రిపోర్టు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూసి చెప్పండి. ఎలైజాలో నెగెటివ్ వచ్చిందని నిశ్చింతగా ఉండకూడదు.

చిత్తూరోడు:
కడపకారం గారూ, వీళ్లావిడకి నడుము ఎంఆర్ఐ తీశారు, నార్మల్ అని పైనే ఉంది. మీ అమ్మగారి కథ ఇక్కడికెందుకు? ఇంకో మాట. నోరెండడానికి ఆ అమిట్రిప్టిలిన్ చాలు. మెడికల్ షాపు కుర్రాడిని అడిగినా చెప్తాడు.

కడపకారం:
నోరెండడం మాత్రకి ముందా, తర్వాతా? అది తేల్చకుండా మాత్ర మీదకి తోసేస్తే ఎలా?

ల్యాబ్ మనిషి:
ఎలైజానా, ఐఎఫ్ఏనా?

వైట్‌ఫీల్డ్ వాసి:
ముందా తర్వాతా నాకు సరిగ్గా గుర్తులేదు. తర్వాతే అనుకుంటా.

పల్లేరుకాయ:
"అనుకుంటా" ఎందుకండీ, ఆవిడ పక్క గదిలోనే ఉంటారుగా?

చిత్తూరోడు:
అన్నా, చెప్పక తప్పట్లేదు. డబ్బు, సెలవులు, ఆవిడ ఒంట్లో రక్తం వృథా చేయకుండా ఒక్కసారి బెంగళూరులోనే ఉన్న మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌కి తీసుకెళ్లండి.

వైట్‌ఫీల్డ్ వాసి:
అంటే మా ఆవిడకి పిచ్చంటారా? సలహా అడిగితే ఇదా? మీ ఇంట్లో ఆడవాళ్లని ఎవరైనా ఇలాగే అంటే ఊరుకుంటారా?

చిత్తూరోడు:
ఊరుకుంటాను. అక్కడికి వెళ్లింది నేనే. రెండేళ్లు గుండె దడ అని ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ అన్నీ చేయించుకున్నా. రాత్రి రెండింటికి ఎమర్జెన్సీకి పరిగెత్తిన రోజులున్నాయి. అది పానిక్ అని తేలాక ఆర్నెల్లలో మనిషినయ్యా. ఆ రెండేళ్లూ ఎందుకు పోయాయో తెలుసా? అక్కడికెళ్తే పిచ్చి అని ముద్రేస్తారని మా ఇంట్లో మీలాగే అరిచారు. ఇక మీ ఇష్టం.

కడపకారం:
అది మీ జబ్బు. ఈవిడ వేళ్లు బిగుసుకుపోతున్నాయయ్యా. పానిక్‌కి ఈఎస్ఆర్ పెరుగుతుందా?

పల్లేరుకాయ:
నిన్నటి నుంచి చదువుతున్నా. "తీసుకెళ్లండి", "చేయించండి", "ఆపండి" అని అందరూ ఆయనకే చెప్తున్నారు. ఆయనా "తీసుకెళ్దామని ఉంది" అనే రాశాడు. వైట్‌ఫీల్డ్ వాసి గారూ, వేలూరు వెళ్దామంటే ఆవిడ ఏమన్నారు? ఆ జబ్బు పేరు కావాల్సింది ఆవిడకా, మీకా?

వైట్‌ఫీల్డ్ వాసి:
మీకు పెళ్లయిందో లేదో తెలీదుగానీ, భార్య కోసం మూడేళ్లు తిరిగినవాడిని అడగాల్సిన ప్రశ్న కాదిది.

వైట్‌ఫీల్డ్ వాసి:
సరే, చెప్తా. పోయిన నెల "ఇంక నన్నెక్కడికీ తిప్పొద్దు" అంది. నేను విన్లేదు. మా అమ్మ మాతోనే ఉంటుంది. "మా రోజుల్లో పురుడైన నెలకే బిందెలు మోశాం, దీనికి కూర్చోవడం అలవాటైంది" అని రోజూ ఏదో ఒకటి. ఒక పేరున్న కాగితం తెచ్చి అమ్మ ముందు పెడితే ఆ నోరు మూతపడుతుందని నా ఆశ. అందులో తప్పేముంది?

పల్లేరుకాయ:
మీ అమ్మగారికి మీరే చెప్పాల్సిన మాట చెప్పడానికి ఆవిడ చేతికి ఇంకోసారి సూది గుచ్చాలా?

మజ్జిగ:
రెండోసారి అడుగుతున్నా. పళ్లు?

వైట్‌ఫీల్డ్ వాసి:
ఏడాదిలో రెండు రూట్ కెనాల్స్, ఇంకో మూడు పుచ్చాయి. అన్నీ చిగురు పక్కనే. స్వీట్లు తినే మనిషి కూడా కాదు. దీనికీ దానికీ ఏంటి సంబంధం?

మజ్జిగ:
లాలాజలం తగ్గితే పళ్లు అలాగే చిగురు దగ్గర పుచ్చుతాయి. నాకు షోగ్రెన్ సిండ్రోమ్. ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే లాలాజల గ్రంథుల మీద, కన్నీటి గ్రంథుల మీద పడుతుంది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. నాకు మొదట అనుమానం వచ్చి చెప్పింది పళ్ల డాక్టరు. ఆవిడకీ అదేనని నేననను. కానీ కళ్లు, నోరు, కీళ్లు, పళ్లు ఒకే మనిషికి విడివిడిగా చెడవు కదా. కింది రెప్పలో చిన్న కాగితం ముక్క పెట్టి ఐదు నిమిషాల్లో ఎంత తడిసిందో చూస్తారు, షర్మర్ టెస్ట్ అంటారు. సూది లేదు. కళ్ల డాక్టరు దగ్గరే అయిపోతుంది. తర్వాత కావాలంటే కీళ్లవాతం లాంటివి చూసే రుమటాలజిస్టు.

ల్యాబ్ మనిషి:
నేను మొదటి నుంచీ అక్కడికే వస్తున్నా. షోగ్రెన్ ఉన్న చాలామంది రక్తంలో కనిపించే యాంటీ-రో విడిగా చేయించాలి. ఏఎన్ఏ నెగెటివ్ ఉన్నా అది పాజిటివ్ రావచ్చు. షోగ్రెన్ అని తేల్చడానికి డాక్టర్లు వాడే 2016 లెక్క ప్రకారం యాంటీ-రోకి 3 మార్కులు, పెదవి లోపలి బయాప్సీకి 3, కాగితం 5 మిల్లీమీటర్లకి మించి తడవకపోతే 1. మొత్తం 4 రావాలి.

చిత్తూరోడు:
నోరెండడం మాత్ర వల్ల కాదని ముందు తేలనీయండి. ఆ మాట మీద మాత్రం నేనుంటా.

మజ్జిగ:
నిజమే, అది ఆవిడనే అడగాలి. ఇంకోటి. పేరు దొరికితే జబ్బు పోదు. కళ్లలో చుక్కలు, పళ్లకి ఫ్లోరైడ్, కీళ్లకి హైడ్రాక్సీక్లోరోక్విన్, ఆ మాత్ర వాడుతున్నందుకు కళ్లకి మళ్లీ చెకప్‌లు. ఇక అత్తగారి సంగతంటారా? రిపోర్టు చూపిస్తే మా అత్తగారు "ఈ రోగం మా వంశంలో లేదు" అన్నారు.

వైట్‌ఫీల్డ్ వాసి:
రాత్రి అడిగాను. మాత్రకి ముందు నుంచే ఉందట. పోయినేడాది సంక్రాంతికి అమ్మ చేసిన అరిసె సగం కొరికి పక్కన పెట్టేసింది. తన చేత్తో చేసినవి నచ్చలేదని అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు, నేనూ కోప్పడ్డాను. గొంతు దిగక వదిలేసిందట. మాత్ర మొదలెట్టింది ఉగాది తర్వాత. అప్పుడే ఎందుకు చెప్పలేదంటే "చెప్పాను, ఫోన్‌లో ఉన్నావు" అంది.
వేలూరు వద్దంది. కళ్ల డాక్టరు దగ్గరికి శనివారం వెళ్తుందట. లోపలికి తనొక్కతే వెళ్తుంది, నేను బయట కూర్చోవాలి. అరిసె సంగతి అమ్మకి పొద్దున చెప్పాను. ఏమీ అనలేదు, లేచి వంటింట్లోకి వెళ్లింది.

ల్యాబ్ మనిషి:
ఎలైజానా, ఐఎఫ్ఏనా ఇంతవరకు చెప్పలేదు.