"భోజనానికి మొహమాటపడతాను" అన్న వాక్యంలో తప్పెక్కడ ఉంది?

ప్రశ్న (ఒసాకా నుంచి)

పెద్దలందరికీ నమస్కారం. నేను ఏడేళ్ళుగా ఒసాకాలో ఉంటున్నాను. ఒక జపాను విద్యార్థిని ప్రతి శనివారం నా దగ్గర తెలుగు నేర్చుకుంటూ, బదులుగా నా జపాను మాటల్లోని తప్పులు దిద్దుతుంది. ఆమె వారానికొక పుట తెలుగులో రాసుకుని వస్తుంది. వ్యాకరణ సాధన కోసం మొదలుపెట్టిన ఆ పుటలు ఇప్పుడు మన నడవడినీ వాళ్ళ నడవడినీ పక్కపక్కన పెట్టి చూసుకునే దినచర్యలాగా తయారయ్యాయి. వాటిలోని ఒక వాక్యం గురించి మీ అభిప్రాయం కోరుతున్నాను.

దీనికి మూలం ఒక పళ్ళెం. నిరుడు చలికాలంలో మేం ఐదుగురం ఒక ఇజకాయలో, అంటే తాగుతూ తినే చిన్న హోటల్లో, కూర్చున్నాం. పళ్ళెంలో ఆరు గ్యోజాలు, అంటే లోపల కూర పెట్టి వేయించిన చిన్న కుడుములు, వచ్చాయి. ఐదు వెంటనే అయిపోయాయి. ఆరోది పళ్ళెం మధ్యలో, అడుగున వేగిన పెచ్చు మెత్తబడిపోతూ, పావుగంట అలాగే ఉండిపోయింది. ఎవరి చాప్‌స్టిక్కులూ అటు వెళ్ళలేదు. ఖాళీ పళ్ళేలు తీయడానికి వచ్చిన కుర్రవాడు దానిని చూసి, మా ముఖాలు చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. అప్పుడు నా విద్యార్థిని, "దీనికి మా దగ్గర పేరుంది, 'ఎన్‌ర్యో నొ కతమరి' అంటాం" అని చెప్పింది. 'కతమరి' అంటే ముద్ద. 'ఎన్‌ర్యో' అంటే ఏమిటని నన్నే ఎదురు అడిగితే, నేను ఆలోచించకుండా "మొహమాటం" అన్నాను. ఆ గ్యోజాకు అలా 'మొహమాటపు ముద్ద' అన్న తెలుగు పేరు పెట్టుకుని ఇద్దరం మురిసిపోయాం.

చిక్కు ఉగాదికి వచ్చింది. కోబేలో ఉంటున్న నా స్నేహితురాలు ఆమెను కూడా ఆదివారం భోజనానికి పిలిచింది. మర్నాడు ఆమెకు పరీక్ష. రాలేనని చెప్పదలచుకుని, నేర్చుకున్న మాటను గౌరవంగా వాడుతున్నాననే నమ్మకంతో ఇలా సందేశం పంపింది: "పిలిచినందుకు కృతజ్ఞతలు. ఆదివారం భోజనానికి నేను మొహమాటపడతాను." జపాను భాషలో "ఎన్‌ర్యో షిమసు" అంటే, మర్యాదగా, సందేహానికి తావు లేకుండా, "నేను రావడం లేదు" అని అర్థం. నా స్నేహితురాలు ఆ సందేశం చదివి "అయ్యో, పిచ్చిపిల్ల మొహమాటపడుతోంది" అని రెండుసార్లు ఫోను చేసింది. ఆదివారం ఉదయం ఆమె భర్త కోబేలోని సాన్నోమియ స్టేషను బయట నిలబడి ఉన్నారు. పిల్ల వెళ్ళక తప్పలేదు.

అక్కడ రెండో కథ నడిచింది. వడ్డించినది మెతుకు మిగల్చకుండా తినడం వాళ్ళ మర్యాద. ఖాళీ అయిన విస్తరిలో మళ్ళీ వడ్డించడం మన మర్యాద. ఆమె మర్యాదకొద్దీ ఖాళీ చేసిన ప్రతిసారీ పులిహోర వచ్చి పడింది. ఆ వారం పుటలో ఆమె రాసిన వాక్యాలు ఇవి: "నేను రాను అని రాశాను. ఆంటీగారు 'వస్తాను, కానీ ఇంకోసారి పిలవండి' అని చదివారు. ఈ మాటలో తప్పు ఎక్కడ ఉంది?"

తప్పు ఆమెది కాదు, ఆ సమానార్థకం చెప్పిన నాది. కానీ ఆ రెండు మాటలూ ఎక్కడిదాకా కలిసి నడుస్తాయో, ఎక్కడ విడిపోతాయో నాకు స్పష్టంగా చెప్పడం రావడం లేదు. తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (రాజమహేంద్రవరం నుంచి)

అమ్మా, నీ ప్రశ్నకు జపాను వైపు నుంచి చెప్పగలిగినవారు వేరే ఉంటారు. నేను తెలుగు వైపు నుంచి మాత్రమే చూస్తాను.

పాత నిఘంటువులలో ఈ మాట 'మొగమాటము', 'మొగమోటము' అనే రూపాలలో కనిపిస్తుంది, 'దాక్షిణ్యము' అని అర్థం ఉంటుంది. చివరి భాగం పుట్టుక మీద నేను పందెం కట్టను గానీ, ముందున్న 'మొగము' మాత్రం దాచినా దాగదు. ఎదుట ఒక ముఖం ఉంటేనే మొహమాటం ఉంటుంది. 'ముఖం చూసి కాదనలేకపోయాను' అన్న వాక్యమే ఈ మాటకు మంచి వ్యాఖ్యానం. ఉత్తరంలో సులువుగా రాయగలిగిన 'కుదరదు' అన్న ముక్క, మనిషి గుమ్మంలోకి వచ్చి నిలబడితే గొంతు దాటి రాదు.

ఇంతకంటె ముఖ్యమైనది దాని పక్కన చేరే క్రియ. మనం మొహమాటం 'చేయం', మొహమాట'పడతాం'. భయపడు, సిగ్గుపడు, బాధపడు అన్న వరుసలోని 'పడు' ఇది. వాన తగిలినట్లు అది మనకు తగులుతుంది, మనం దానిని పూనుకుని చేయం. అందువల్లనే దీనికి వ్యతిరేక విధి మాత్రమే వాడుకలో ఉంది. 'మొహమాటపడకు', 'మొహమాటపడకండి' అని రోజుకు పదిసార్లు అంటాం. 'మొహమాటపడు' అని ఎవరూ ఎవరికీ చెప్పగా నేను వినలేదు. ఎదుటివాడు దానిని మనమీదకు తేగలడు కూడా, 'నన్ను మొహమాటపెట్టకండి' అన్న వాడుక అందుకు సాక్ష్యం.

పడేది గనుక పడినవాడికి దెబ్బ తగులుతుంది. తోటి ఉద్యోగి ఒకాయన అప్పు పత్రం తెచ్చి బల్లమీద పెట్టి, కలం మూత తీసి మరీ నా చేతికి ఇస్తే, హామీ సంతకం పెట్టనని అనలేక పెట్టాను. ఆయన కట్టడం మానేశాక రెండేళ్ళపాటు వాయిదాలు నా జీతంలోంచి పోయాయి. 'మొహమాటానికి పోతే కడుపయిందట' అన్న మోటు సామెతను మా ఆవిడ అప్పటివరకు నా ఎదుట ఉచ్చరించి ఎరగదు.

నీ విద్యార్థిని 'మొహమాటపడతాను' అని రాసినప్పుడు నీ స్నేహితురాలి చెవికి వినిపించినది ఒక నిర్ణయం కాదు, ఒక ఇబ్బంది. ఇబ్బందిని తొలగించడం పిలిచినవారి ధర్మం గనుక ఆవిడ ఫోను చేసింది. తెలుగు ప్రకారం ఆవిడ చేసినది నూటికి నూరుపాళ్ళు సరైన పనే.

జవాబు (తోక్యో నుంచి)

గురువుగారు చెప్పిన 'పడు' దగ్గరే తాళంచెవి ఉందని నాకూ అనిపిస్తోంది, ఎందుకంటే జపాను భాషలో ఎన్‌ర్యో సరిగ్గా 'చేసే' పని. దాని పక్కన చేరే 'సురు' అన్న క్రియకు 'చేయు' అనే అర్థం.

ఆ మాటను రెండు చైనా లిపి అక్షరాలతో రాస్తారు. మొదటిది 'దూరం', రెండవది 'ఆలోచన'. మొదట్లో దీని అర్థం దూరాలోచన, ముందుచూపు. చైనా తత్త్వవేత్త కన్ఫ్యూషియస్ మాటల సంకలనంలో 15వ అధ్యాయంలో, దూరాలోచన లేనివాడికి దగ్గరలోనే దుఃఖం తప్పదనే వాక్యం ఉంది. అక్కడ ఉన్నవి ఈ రెండు అక్షరాలే. జపానులో ఆ దూరాలోచన క్రమంగా ఎదుటివారికి ఇబ్బంది కలగకుండా ముందే వెనక్కు తగ్గడంగా మారింది. జపాను చరిత్రలో 'ఎదో' అని పేరున్న యుగంలో, అంటే 1603 నుంచి 1868 వరకు, సమురాయిలకూ బౌద్ధ భిక్షువులకూ వేసే ఒక తేలికపాటి శిక్షకు కూడా ఎన్‌ర్యో అనే పేరుండేది. ఇంటి ముంగిలి తలుపులు మూసుకుని లోపలే ఉండాలి. రాత్రిపూట చాటుగా బయటికి వెళ్ళివస్తే చూసీచూడనట్లు ఊరుకునేవారు. శిక్షలో కూడా చూసీచూడనట్లు ఊరుకోవడం ఉండడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

చేసే పని గనుక దానిని చేయమని అడగవచ్చు. నేను రోజూ ఎక్కే రైలు పెట్టెలో, ఫోనులో మాట్లాడటాన్ని 'గో ఎన్‌ర్యో కుదసాయి' అని వినిపిస్తుంటారు. మాటకు మాట పెడితే "దయచేసి ఫోను సంభాషణ విషయంలో ఎన్‌ర్యో చేయండి" అవుతుంది. భావం "మాట్లాడకండి" అని. మన బస్సులో ఇదే సంగతి 'పొగ త్రాగరాదు' అన్నట్లు నేరుగా ఉంటుంది. 'పొగ త్రాగుటకు మొహమాటపడుడు' అని రాసిన బోర్డును ఊహించుకుంటే ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరం ఇట్టే తెలుస్తుంది.

విద్యార్థిని వాక్యానికి మూలం కూడా ఇక్కడే ఉంది. పిలుపును కాదనేటప్పుడు వాళ్ళు "ఎన్‌ర్యో ససెతె ఇతదకిమసు" అని ఇంకా మెత్తగా అంటారు. "వెనక్కు తగ్గే అవకాశాన్ని మీ దగ్గర స్వీకరిస్తున్నాను" అన్నంత వినయం అందులో ఉన్నా, తలుపు మాత్రం గట్టిగా మూసుకుంటుంది. ఎన్‌ర్యోతో కాదనవచ్చు, మొహమాటంతో కాదనలేకపోతాం.

మనోవైద్యుడు దోయి తకేవో 1971లో వెలువరించిన పుస్తకంలో ఈ ఎన్‌ర్యోనే కొలతగా తీసుకుని మనుషుల దగ్గరితనాన్ని వివరించాడు. తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య ఎన్‌ర్యో ఉండదు. పూర్తిగా ముక్కూమొహం తెలియనివారి మధ్య కూడా ఉండదు. మధ్యలో ఉన్న పరిచయస్థుల వలయంలోనే అది నివసిస్తుంది. ఇది మనకూ సరిపోతుంది. కొత్త బట్టల దుకాణంలో గీసిగీసి బేరమాడే మనమే తెలిసినవాడి కొట్టులో అడిగినంత ఇచ్చి వస్తాం కదా.

జవాబు (వరంగల్ నుంచి)

పై రెండు జవాబులు చదివితే మొహమాటం అంటే కాదనలేకపోవడం మాత్రమే అన్నట్లు అర్థమవుతున్నది. దానితో నేను పూర్తిగా ఏకీభవించను. 'ఆకలిగా ఉన్నా మొహమాటపడి అడగలేదు', 'మొహమాటం లేకుండా మీ అభిప్రాయం చెప్పండి' అన్న వాక్యాలలో కాదనడం ఎక్కడా లేదు, నోరు తెరిచి అడగలేకపోవడం ఉంది. కనుక ఈ మాటకు రెండు ముఖాలు ఉన్నాయి: ఒకటి తనకు కావలసినది అడగలేకపోవడం, రెండోది ఎదుటివారు అడిగినది కాదనలేకపోవడం. ఎన్‌ర్యో మొదటి ముఖాన్ని దాదాపు పూర్తిగా కప్పుతుంది. ఆరో గ్యోజాను ఎవరూ తీసుకోకపోవడం ఆ మొదటి రకానిది, కనుక ఒసాకా సోదరి పెట్టిన 'మొహమాటపు ముద్ద' అన్న పేరులో తప్పేమీ లేదు. తప్పు ఆ పళ్ళెం మీది అర్థాన్ని ఆహ్వానం మీదకు మోసుకుపోవడంలో ఉన్నది.

'సంకోచం' అన్న మాట వాడితే సరిపోయేదా అని ఎవరైనా అడగవచ్చు. సరిపోయేది కాదు. సంకోచానికి ఎదుట ముఖం అక్కరలేదు, నీళ్ళలో దిగడానికి కూడా సంకోచిస్తాం. 'బిడియం' మనిషి స్వభావం. 'భోజనానికి సంకోచిస్తున్నాను' అని రాసినా ఆ ఇంటివారు ఫోను చేసే ఉండేవారు.

మళ్ళీ ప్రశ్న అడిగినవారు (ఒసాకా నుంచి)

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులను నా విద్యార్థినికి చదివి వినిపించాను. రెండు ముఖాల మాట ఆమెకు బాగా నచ్చింది. రెండో ముఖానికి జపాను భాషలో ఏముందని అడిగితే కాసేపు ఆలోచించి, 'కొతొవరికిరెనై' అంది. 'పూర్తిగా కాదనలేకపోవడం' అని దాని అర్థం. దానికి నామరూపం ఏదీ స్థిరపడలేదని, దగ్గరలో 'గిరి' అనే మాట మాత్రం ఉందని చెప్పింది. గిరి అంటే సంబంధం వల్ల మీద పడిన బాధ్యత. ఫిబ్రవరి 14న జపాను ఆఫీసుల్లో ఆడవాళ్ళు, ఏ ప్రేమా లేకపోయినా, తోటి మగ ఉద్యోగులకు ఇచ్చే చాక్లెట్లకు 'గిరి చాక్లెట్లు' అని పేరు. వీటిని 'మొహమాటపు చాక్లెట్లు' అనవచ్చా అని ఆమె అడిగింది. ఇది మాత్రం ధైర్యంగా ఔనన్నాను.

రాజమహేంద్రవరం గురువుగారి హామీ సంతకం కథ వినగానే ఆమె బల్లమీద చెయ్యి వేసి, "మా తాతగారు కూడా ఎప్పుడూ ఇదే చెబుతారు" అంది. ఎవరికి ఏం చేసినా ఫరవాలేదు గానీ, హామీదారుగా ముద్ర మాత్రం వేయవద్దని అక్కడ చాలా ఇళ్ళలో పిల్లలకు చెబుతారట. అంటే మాట లేకపోయినా ఆ దెబ్బ వాళ్ళకూ తెలిసినదే.

ఇంకొక మాట కూడా ఆమె ఇచ్చింది, నాకు అన్నిటికంటె అది విలువైనదిగా తోచింది. దగ్గరివాళ్ళు అనవసరంగా ఎన్‌ర్యో చేస్తే "మిజుకుసాయి" అంటారు. 'మిజు' అంటే నీళ్ళు. నీళ్ళెక్కువై రుచి చచ్చిన వంటను కూడా ఈ మాటతోనే అంటారు. "పరాయివాళ్ళలాగా ఈ మొహమాటం ఏమిటి?" అని మనం ఒక పూర్తి వాక్యంలో అడిగేదాన్ని వాళ్ళు నీళ్ళచారు మీద పెట్టి ఒక్క మాటలో అనేస్తారు. నా స్నేహితురాలు ఫోనులో అన్నది ఇదేనని చెబితే ఆమెకు ఉగాది ఉదంతం మొత్తం ఒక్కసారిగా అర్థమైంది. "అలా అయితే ఆంటీగారు నన్ను లోపలి వలయంలో కూర్చోబెట్టారు, నేను మధ్య వలయంలో నిలబడి మాట్లాడాను" అని ఆ వారం పుటలో రాసింది. ఆ వాక్యంలో నేను దిద్దవలసినది ఏమీ కనిపించలేదు.

ఆ వాక్యం కిందనే ఇంకొకటి కూడా రాసింది: "సాన్నోమియ స్టేషనులో ఆంకుల్‌గారిని చూసిన తరువాత నాకు పరీక్ష ఉందని చెప్పలేదు. ఇప్పుడు తెలిసింది, అప్పుడు నేను పడినది మొహమాటం." ఎన్‌ర్యో చేయబోయి మొహమాటపడిందన్నమాట.

ఇక మిగిలింది వాక్యం దిద్దడం. మనలో పిలుపును కాదనడానికి 'మొహమాటం' పనికిరాదని తేలింది గనుక, "ఈసారికి క్షమించండి, సోమవారం పరీక్ష ఉంది, మరోసారి తప్పకుండా వస్తాను" అని కారణంతో సహా చెప్పాలని నేర్పాను. కారణం చెప్పడం మన దగ్గర మర్యాద, వాళ్ళ దగ్గర "ఆ రోజు కొంచెం..." అని వాక్యాన్ని మధ్యలో వదిలేస్తే ఎదుటివారు మిగతాది అడగరు. తెలుగులో అలా వదిలేస్తే "కొంచెం ఏమిటమ్మా?" అని అడిగి తీరతారని కూడా హెచ్చరించాను.

నిన్న నా స్నేహితురాలు మళ్ళీ ఫోను చేసింది. వచ్చే ఆదివారం మా ఇద్దరినీ భోజనానికి రమ్మంది. విద్యార్థినికి ఆ రోజు కూడా వీలుపడదు, కొత్తగా నేర్చుకున్న వాక్యాన్ని రాసి, పంపే ముందు ఒకసారి చూడమని నాకు ఇచ్చింది. వ్యాకరణం అంతా సరిగానే ఉంది. కానీ ఫోనులో పిలుపు అందుకున్నది నేను. అప్పుడే ఇద్దరి తరఫునా "తప్పకుండా వస్తాం" అనేశాను, ఆ సంగతి ఈ పిల్లకు ఇంకా చెప్పలేదు.