"జీవనమంతయు" అని చదవాలా, "జీవితమంతయు" అని చదివితే తప్పా?

అందరికీ వందనాలు. చిన్న మాట గురించి అడుగుతున్నాను గాని, వారం నుంచి నన్ను వదలడం లేదు.

మొన్న ఆదివారం ఆరాధనలో పదిహేనేళ్ల అబ్బాయి ఒకడు మార్కు సువార్త 12వ అధ్యాయంలోని బీద విధవరాలి భాగం చదివాడు, దేవాలయం కానుకల పెట్టెలో తనకున్న రెండు కాసులూ వేసేసిన ఆమె కథ. అందరి ముందు చదవడం మొదటిసారేమో, వాక్యం కింద వేలు పెట్టుకుని ఒక్కో మాటా ఆగి ఆగి చదువుతున్నాడు, ఆ వేలు కొంచెం వణుకుతోంది. 44వ వచనం చివరికి వచ్చేసరికి "తన జీవితమంతయు వేసెనని చెప్పెను" అనేశాడు. పుస్తకంలో ఉన్నది "జీవనమంతయు". ఎవరూ గమనించినట్టు లేదు, అతను వెళ్లి కూర్చున్నాడు, పాట మొదలైంది. నాకు మాత్రం ప్రసంగం జరిగినంతసేపూ మనసు ఆ ఒక్క మాట దగ్గరే ఉండిపోయింది.

ముందు తప్పు చదివాడనే అనుకున్నాను. ఇంటికొచ్చి మళ్లీ తీసి చూశాక అంత తేలిగ్గా తప్పు అనలేకపోతున్నాను. జీవితం అంటే పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా మనిషి బతికినదంతా. జీవనం అంటే ఆ బతుకు సాగడానికి కావలసింది, రేపటి తిండి, రేపటి కూలి. జీవనోపాధి పోయింది అంటాం, జీవితోపాధి అనే మాటే మనకి లేదు. అయితే మార్కు గ్రీకులో వాడిన మాట "బియోస్", దానికి ఈ రెండు అర్థాలూ ఉన్నాయి, బతుకు అనీ, బతకడానికి చేతిలో ఉన్నది అనీ. అంటే ఆ అబ్బాయి నోట పొరపాటున వచ్చింది మూలంలోని మాటకి ఉన్న ఇంకో అర్థమే.

మన అనువాదకులు ఈ ఒక్క మాటని చోటుని బట్టి ఎలా మార్చారో చూస్తే ముచ్చటేస్తుంది. తప్పిపోయిన కుమారుని కథలో (లూకా 15:12) తండ్రి కొడుకులకి పంచింది గ్రీకులో బియోసే, అక్కడ "ఆస్తి" అన్నారు. 1 యోహాను 3:17లో "ఈ లోకపు జీవనోపాధిగలవాడైయుండి" అన్నారు. విధవరాలి దగ్గరికి వచ్చేసరికి ఆస్తి అనలేదు, రెండు కాసుల్ని ఆస్తి అని ఎలా అంటారు? జీవనోపాధి అని బిగించనూ లేదు. "జీవనము" అని, అటు తిండికీ ఇటు బతుక్కీ తలుపు తెరిచి ఉంచారు. నిత్యజీవము అన్నప్పటి జీవము గ్రీకులో వేరే మాట, జోయే. "మీ ప్రాణమునుగూర్చియైనను ... చింతింపకుడి" అన్న చోట ఉన్నది ఇంకో మాట, ప్సూఖే. ఈ మూడిటినీ ఆ చోట్ల జీవనము, జీవము, ప్రాణము అని విడివిడిగా నిలబెట్టారు.

ఇంకోటి కూడా చెప్పి ఆపుతాను. ధనవంతులు "తమకు కలిగిన సమృద్ధిలోనుండి" వేశారట, ఈమె "తన లేమిలో తనకు కలిగినదంతయు" వేసిందట. కలిమి లేములు కావడి కుండలు అని విడివిడిగా అటూ ఇటూ వేలాడదీసే మాటలు మనవి. ఇక్కడ లేమి లోపలే కలిగినది ఉంది. గ్రీకులో ఆ రెండు మాటలు ఒకదానికొకటి ఇలా జోడు కట్టవు, ఇది తెలుగుకి దొరికిన అందం. నేను ఈ వచనం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు, ఆ అబ్బాయి తడబడే వరకు ఈ మాటల్ని వినిపించుకోలేదు.

మీరేమంటారు? జీవితమంతయు అని అర్థం చెప్పుకోవచ్చా?

వ్యాఖ్య: ముందు నాదొక డౌట్ తీర్చండి. రెండు కాసులు అంటే చిన్నప్పుడు నేను బంగారు కాసులే అనుకున్నాను. మా పిల్లలూ అదే అడిగారు, అంత బంగారం ఉన్నామె బీదది ఎలా అవుతుందని.

నా జవాబు: మంచి ప్రశ్న అండీ. కాసు అంటే అతి చిన్న నాణెం అనే పాత అర్థం "కాసుకు కొరగాడు" లాంటి మాటల్లో మిగిలింది, మామూలు వాడుకలో బంగారమే గుర్తొస్తుంది. మూలంలో ఉన్నది లెప్టోన్, పలచనిది, చిన్నది అనే అర్థం నుంచి వచ్చిన పేరు. అంతకంటే చిన్న నాణెం వాళ్లకి లేదు. రెండు లెప్టోన్లు కలిస్తే ఒక కొద్రాంతేస్ అని మార్కే వివరిస్తాడు, అది రోమా నాణెం, దేనారంలో 64వ వంతు. ద్రాక్షతోట ఉపమానంలో దినమునకు ఒక దేనారము కూలి కదా. పన్నెండు గంటల పనికి ఒక దేనారం అనుకుంటే ఆమె వేసింది పదకొండు నిమిషాల కూలి. పిల్లలకి అలా చెప్పండి, వెంటనే అర్థమవుతుంది. ఒకటి కాదు, రెండు ఉన్నాయి, ఒకటి అట్టేపెట్టుకోవచ్చు. "అంతయు" అనే మాట బరువు అక్కడుంది.

వ్యాఖ్య: జీవనం అనగానే నాకు జీవనాధారం గుర్తొచ్చింది. సామెతలు 3:5లో "నీ స్వబుద్ధిని ఆధారము చేసికొనక నీ పూర్ణహృదయముతో యెహోవాయందు నమ్మక ముంచుము" అని ఉంది చూడండి. హీబ్రూలో అక్కడ ఉన్నది ఒక దాని మీద ఆనుకోవడం, చేతికర్ర మీద బరువు వేసినట్టు. ఈమె జీవనాధారం అనే మాటలోంచి జీవనాన్ని తీసి పెట్టెలో వేసేసింది. ఇక ఆధారం ఒక్కటే మిగిలింది, అది దేవుడు.

నా జవాబు: అయ్యో, ఇది నాకు తట్టలేదు, ఎంత బాగా చెప్పారు! మీ మాటకే ఇంకొంచెం కలుపుతాను. నమ్మడం వేరు, నమ్ముకోవడం వేరు. దేవుడున్నాడని నమ్ముతాను అనొచ్చు, దానికి ఖర్చేమీ లేదు. "ఈ పనినే నమ్ముకుని ఉన్నాం" అని ఎవరైనా అంటే అది లేకపోతే మాకు పొయ్యి వెలగదు అని అర్థం. ఆ "కొను" చేరగానే మాట మన మీదికి తిరుగుతుంది. కీర్తన 118:8లో "మనుష్యులను నమ్ముకొనుటకంటె యెహోవాను ఆశ్రయించుట మేలు", యిర్మీయా 17:7లో "యెహోవాను నమ్ముకొనువాడు ధన్యుడు". జీవనం దేని మీద నడుస్తుందో దాన్నే నమ్ముకున్నాం అంటాం కాబట్టి, ఇవ్వడమూ నమ్మడమూ రెండు వేరు వేరు పాఠాలుగా చెప్పడం నాకు ఎప్పుడూ అతకదు. ఆమె ఆ రోజు నమ్మకం గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. పెట్టెలో వేసింది, అంతే.

వ్యాఖ్య: సిస్టర్, పోస్టు బాగుంది కానీ ఈ వచనం వింటే నాకు ఇప్పటికీ గుండె బిగుసుకుపోతుంది. నాన్న పోయిన ఏడాది, అప్పట్లో మేము వెళ్లే సంఘం నుంచి ఒకాయన ఇంటికొచ్చి ఇదే భాగం చదివి, విధవరాలే అంతా ఇచ్చింది, మరి మీరు అని ఆపాడు. అమ్మ లేచి వెళ్లి డబ్బుల డబ్బా తెచ్చి ఆయన ముందే మూత తీసింది. ఆ మూత చప్పుడు నాకు ఇంకా వినిపిస్తుంది. అమ్మకి దేవుడంటే ప్రాణం, ఇవ్వడం ఇష్టం లేక కాదు, కానీ ఆ రోజు ఆమె మొహంలో సంతోషం లేదు.

నా జవాబు: బ్రదర్, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ అమ్మగారికి జరిగింది తప్పు. అదీ ఈ అధ్యాయమే చెబుతోంది. నాలుగు వచనాల పైన, 40లో, ధర్మశాస్త్రం బోధించే శాస్త్రుల గురించి యేసు ఏమన్నాడు? "విధవరాండ్ర యిండ్లు దిగమింగుచు" అన్నాడు. దిగమింగడం అంటే నమిలే పని కూడా లేకుండా మింగేయడం. ఆ మాట చెవుల్లో ఉండగానే విధవరాలు వస్తుంది. ఆయన ఆమెను ఇమ్మని అడగలేదు, మీరూ అలా చేయండని శిష్యులతోనూ అనలేదు, కూర్చుని చూశాడు, చూసింది చెప్పాడు. ఇందులో మెచ్చుకోలు కంటే బాధే ఎక్కువ ఉందని చదివే వ్యాఖ్యాతలూ ఉన్నారు. నాకు రెండూ వినిపిస్తాయి. కానీ ఈ వచనాన్ని ఇంకొకరి డబ్బా మూత తీయించడానికి వాడే హక్కు ఎవరికీ లేదు, ఇది ఎవరికి వారు తమకి చదువుకోవలసిన మాట.

పౌలు 2 కొరింథీ 9:7లో దీనికి కంచె వేసిపెట్టాడు. "సణుగుకొనకయు బలవంతముగా కాకయు ప్రతివాడును తన హృదయములో నిశ్చయించుకొనిన ప్రకారము ఇయ్యవలెను". గ్రీకులో ఉన్నది దుఃఖంతో ఇవ్వొద్దు అని. తెలుగులో సణుగుడు అనడంతో ఆ దుఃఖానికి గొంతు వచ్చింది. అయితే మీ అమ్మగారి విషయంలో మూలంలోని మాటే సరిపోతుంది, ఆవిడ సణగలేదు, దుఃఖంతో ఇచ్చారు. అడిగినవాడు పట్టించుకోవలసింది ఆ దుఃఖాన్ని.

వ్యాఖ్య: ఇవ్వబుద్ధి కావడం అంటాం కదా, అది కూడా బైబిల్లో ఉంది. దేవుని ఆరాధనకి గుడారం కట్టేటప్పుడు నిర్గమకాండము 35:5లో "బుద్ధి పుట్టిన ప్రతివాడు" తేవాలని మోషే అంటాడు. పుట్టాలి, పుట్టించకూడదు. తరవాతి అధ్యాయంలో జనం ఎంత తెచ్చారంటే ఇక చాలు, తేవొద్దని పాళెంలో చాటింపు వేయించాల్సి వచ్చింది.

నా జవాబు: చాలు అని చెప్పించిన నాయకుడు! ఈ వ్యాఖ్య పైనున్న బ్రదర్ చదవాలి.

వ్యాఖ్య: అంతా బాగుంది గాని అసలు ప్రశ్నకి జవాబు ఎవరూ ఇవ్వలేదు. చదివేటప్పుడు ఉన్నది ఉన్నట్టే చదవాలి. జీవనమంతయు.

నా జవాబు: ఒప్పుకుంటాను. చదివేటప్పుడు జీవనమంతయు, వివరించేటప్పుడు రెండూ. రేపటి తిండి తీసి ఇచ్చేసినవాళ్లు రేపటినే ఇచ్చేశారు కాబట్టి ఆ రెండిటి మధ్య గోడ ఆమె విషయంలో చాలా పలచన.

వచ్చే ఆదివారం లూకా 21 చదివే వంతు నాది. అక్కడా "తనకు కలిగిన జీవనమంతయు" అనే ఉంది, అలాగే చదువుతాను. ఆ అబ్బాయిని మాత్రం పక్కకి పిలిచి తప్పు చదివావని చెప్పను. నీ వల్ల ఒక మాట ఇన్నాళ్లకి నాకు వినిపించిందని చెబుతాను.